కీమో ఎక్కించిన పదో రోజు

కీమో ఎక్కించుకుని ఆ సాయంత్రమే విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో పాడేరు బస్సో, పలాస బస్సో పట్టుకునేవాళ్లు చాలామందే ఉంటారు. ప్రభుత్వ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)కైనా, అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రికైనా, నగరంలోని ప్రైవేటు ఆసుపత్రులకైనా రోగులు ఒక్క విశాఖ నుంచే రారు. శ్రీకాకుళం, విజయనగరం, మన్యం, ఒడిశాలోని కోరాపుట్, రాయగడ, ఇంతమందికీ దిక్కు ఈ ఊరే. మందు ఎక్కినంతసేపూ పక్కన నర్సు ఉంటుంది, బీపీ చూస్తుంది, సెలైన్ చుక్కలు లెక్కపెడుతుంది. చిక్కేమిటంటే, కీమోలో ప్రాణం మీదికి వచ్చే ఘడియ ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు రావడం తక్కువ. వారం, పది రోజులు గడిచాక, రోగి వంద కిలోమీటర్ల అవతల సొంత ఇంట్లో ఉన్నప్పుడు వస్తుంది. క్యాన్సర్ మందుల భద్రత గురించి మాట్లాడుకోవాల్సింది ముందుగా ఈ దూరం గురించే.

ఇంటిల్లిపాదీ భయపడేది జుట్టు ఊడటానికి, వాంతులకి. జుట్టు మళ్లీ వస్తుంది. వాంతులకు ఇప్పుడు మంచి మందులున్నాయి. భయపడాల్సింది జ్వరానికి.

కౌంట్ ఎందుకు పడిపోతుంది

కీమో మందు త్వరత్వరగా విభజన చెందే కణాల మీద పడుతుంది. క్యాన్సర్ కణం అలాంటిదే. వెంట్రుక కుదురు, నోటి లోపలి పొర, పేగు పొర, ఎముక మూలుగ కూడా అలాంటివే. సూక్ష్మజీవులతో ముందుగా తలపడే తెల్లకణాలు న్యూట్రోఫిల్స్. రక్తంలోకి వచ్చాక వీటి ఆయుష్షు చాలా తక్కువ. మూలుగలో ముందే తయారై ఉన్న నిల్వ కొద్ది రోజులు ఆదుకుంటుంది. అది అయిపోయేసరికి కొత్తవి పుట్టడం ఆగిపోయి ఉంటుంది. అందుకే కీమో అయిన మర్నాడు రక్తపరీక్ష చేస్తే అంతా బాగానే కనిపిస్తుంది. చాలా మందులకు ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్య కౌంట్, అంటే ఈ కణాల సంఖ్య, అడుగంటుతుంది, మూడు వారాలకు మళ్లీ లేస్తుంది. ఇరవై ఒక్క రోజులకో సైకిల్, అంటే ఒక విడత కీమో, పెట్టడంలోని లెక్క ఇదే.

సరిగ్గా ఆ రోజుల్లోనే నోటి పొర, పేగు పొర కూడా పలచబడి పుండ్లు పడతాయి. పేగులో ఎప్పుడూ ఉండే బ్యాక్టీరియాకు అది తీసిన తలుపు. కీమో రోగుల రక్తంలో కనిపించే సూక్ష్మజీవుల్లో చాలా భాగం రోగి పేగుల్లోంచి, నోట్లోంచి, చర్మం మీద నుంచి వచ్చినవే. కాబట్టి రోగిని గదిలో పెట్టి తాళం వేసినంత పనిచేసినా ఇన్ఫెక్షన్ రాకుండా పోదు. చేతులు కడుక్కోవడం, దగ్గు, జలుబు ఉన్నవాళ్లను దూరంగా ఉంచడం, చద్దన్నం, కోసి ఉంచిన పళ్లు, బీచ్ రోడ్డులో పచ్చి ఉల్లి చల్లి ఇచ్చే మురీ మిక్చర్ మానేయడం అవసరమే. అయినా వీటన్నిటికంటే ముఖ్యం జ్వరాన్ని ఎంత త్వరగా పట్టుకున్నామన్నది.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. చీము అంటే చచ్చిన న్యూట్రోఫిల్సే. అవి లేనప్పుడు చీమూ పట్టదు. ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ ఉన్నా కఫం పెద్దగా పడదు, ఎక్స్‌రే శుభ్రంగా కనిపించవచ్చు. సెలైన్ సూది గుచ్చిన చోట కొంచెం ఎర్రబడి ఊరుకుంటుంది. ఒంట్లో కనిపించాల్సిన సూచనలన్నీ అణిగిపోయి, మిగిలేది జ్వరం ఒక్కటే. ఆ ఒక్క సూచనను కూడా డోలో మాత్ర వేసి అణిచేస్తే ఇక కబురు తెచ్చేదే లేదు.

రక్తపరీక్ష కాగితం చదవడం ఇంట్లో ఒకరైనా నేర్చుకోవాలి. పెద్ద విద్యేమీ కాదు. మొత్తం తెల్లకణాల సంఖ్యను న్యూట్రోఫిల్స్ శాతంతో గుణించి వందతో భాగించాలి. ఒకరి కాగితంలో మొత్తం 2,400, న్యూట్రోఫిల్స్ 60 శాతం అని ఉందనుకుందాం. లెక్క 1,440. కంగారు లేదు. ఇంకొకరికి మొత్తం 1,800, న్యూట్రోఫిల్స్ 20 శాతం. చూడటానికి ఇద్దరికీ పెద్ద తేడా ఏముందనిపిస్తుంది. కానీ రెండో మనిషికి ఉన్నవి 360. 500 కంటే తగ్గితే తీవ్రమైన కొరత కిందే లెక్క. మొత్తం సంఖ్య చూసి ‘కొంచెం తగ్గింది అంతే’ అని ఊరుకోవడం తరచుగా జరిగే పొరపాటు.

జ్వరం వచ్చిన రాత్రి

హద్దు ఎక్కడంటే, నోట్లో పెట్టి చూసినప్పుడు ఒక్కసారి 101 ఫారెన్‌హీట్ దాటినా, 100.4 గంటసేపు నిలిచినా అది అత్యవసరమే. ఆసుపత్రి గడప తొక్కిన గంటలోపు మొదటి యాంటీబయోటిక్ ఇంజెక్షన్ పడాలన్నది ప్రపంచమంతా పాటించే సూత్రం. రిపోర్టులు వచ్చేదాకా ఆగరు. కల్చర్‌కు, అంటే ఏ సూక్ష్మజీవో తేల్చే పరీక్షకు, రక్తం తీసి, వెంటనే పిపెరాసిలిన్–టాజోబాక్టమ్, సెఫిపైమ్ లాంటి బలమైన మందు మొదలుపెడతారు.

ఇప్పుడు దీన్ని పాడేరు ఘాట్ రోడ్డు మీద పెట్టి చూడండి. మన్యంలో జ్వరం అనగానే మలేరియా. రక్తం చుక్క తీసి పరీక్ష చేస్తారు, నెగెటివ్ వస్తే పారాసెటమాల్ ఇచ్చి రేపు రమ్మంటారు. మామూలు మనిషికి అది సరైన పద్ధతే. పది రోజుల కిందట కీమో ఎక్కిన మనిషికి మాత్రం ‘రేపు’ అనేది ఉండకపోవచ్చు. మలేరియా పరీక్ష చేయాల్సిందే, పాజిటివ్ వస్తే ఆ మందూ ఇవ్వాల్సిందే. కానీ యాంటీబయోటిక్ దాని కోసం ఆగకూడదు. అలాగని కీమో వేసిన ఆసుపత్రికే పోవాలని రాత్రంతా విశాఖ బండి కోసం ఎదురుచూడటం కూడా తప్పే. దగ్గర్లోని ఏరియా ఆసుపత్రిలోనో, జిల్లా ఆసుపత్రిలోనో మొదటి డోసు వేయించి, అక్కడి నుంచి 108లో బయల్దేరాలి. ‘ముందు విశాఖ, తర్వాత మందు’ అనే అలవాటు తిరగబడాలి. పేషెంటు ఫైలు మీద ఆసుపత్రివాళ్లు పెద్ద అక్షరాల్లో రాయాల్సిన మాట కూడా ఇదే.

థర్మామీటర్ గురించి రెండు ముక్కలు. మెడికల్ షాపులో దొరికే డిజిటల్‌ది చాలు. చంకలో పెడితే అసలు కంటే తక్కువ చూపిస్తుంది కాబట్టి అక్కడ 100 వచ్చినా నిర్లక్ష్యం చేయకూడదు. వేడి టీ తాగిన వెంటనే నోట్లో పెట్టకూడదు. మలద్వారంలో అసలే పెట్టకూడదు, చిన్న గీత పడినా పేగు బ్యాక్టీరియా రక్తంలోకి పోతుంది. చలి పుట్టి ఒణుకు వస్తే, థర్మామీటర్ ఏం చెప్పినా కదలాలి. ముసలివాళ్లలో, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మీద ఉన్నవాళ్లలో జ్వరం రాకుండానే బీపీ పడిపోవచ్చు. మగతగా ఉండటం, మూత్రం తగ్గిపోవడం అప్పుడు గమనించాల్సినవి.

కౌంట్ పెంచే ఇంజెక్షన్లు ఉన్నాయి. ఫిల్‌గ్రాస్టిమ్ 300 మైక్రోగ్రాములది రోజూ కొన్ని రోజులపాటు వేస్తారు. పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ 6 మిల్లీగ్రాములది సైకిల్‌కు ఒక్కటే. రెండూ కీమో పూర్తయిన 24 గంటల తర్వాతే వేయాలి. అంతకు ముందే వేస్తే అప్పుడే పుట్టుకొస్తున్న కణాలు కీమో వాత పడతాయి. ఆ సాయంత్రం బస్సెక్కి పోయేవాళ్లకు అసలు ఇబ్బంది ఇక్కడే. ఇంజెక్షన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. థర్మాస్‌లో ఐసు వేసి తీసుకెళ్తారు. సిరంజి ఐసుకు తగిలి గడ్డకడితే పనికిరాదు, మేలో బస్సు కిటికీ పక్కన మరిగినా పనికిరాదు. ఐసు మీద మడిచిన గుడ్డ వేసి, దాని మీద ఇంజెక్షన్ పెట్టె ఉంచితే కొంత నయం. వీలుంటే ఆ ఒక్క రాత్రి నగరంలో ఆగి, మర్నాడు ఇంజెక్షన్ వేయించుకుని బయల్దేరడం అన్నిటికంటే మేలు. వేశాక నడుములో, తొడల్లో ఎముకలు పీకుతాయి. అది మూలుగ పనిచేస్తోందనడానికి గుర్తు, భయం లేదు.

కుర్చీలో ఓర్చుకోకూడనిది

మన దగ్గర ఓర్పును గొప్పగా చూస్తారు. సూది గుచ్చిన చోట మంట పుడితే ‘మందు కదా, మండుతుంది’ అని పళ్లు బిగించి కూర్చుంటారు. డాక్సోరుబిసిన్, విన్‌క్రిస్టిన్ అనే కీమో మందుల విషయంలో ఆ ఓర్పు చేతిని పాడుచేస్తుంది. ఇవి నరంలోంచి బయటికి కారి చర్మం కింద చేరితే, మొదట మంట, వాపు, తర్వాత బొబ్బ, కొన్ని వారాలకు నల్లగా చచ్చిపోయిన కండ. మణికట్టు దగ్గరో, మోచేతి మడతలోనో అలా జరిగితే చేతి కదలికే పోవచ్చు.

మంట అనగానే నర్సు మందు ఆపేయాలి. కాన్యులాను, అంటే నరంలో పెట్టిన సన్నటి గొట్టాన్ని, వెంటనే పీకకూడదు. దానికే ఖాళీ సిరంజి తగిలించి, వెనక్కి లాగి, లోపల మిగిలిన మందు ఎంత వస్తే అంత తీసేయాలి. తర్వాతే కాన్యులా తీసి, ఎర్రబడిన మేర అంచుల వెంబడి పెన్నుతో గీత గీసి, చెయ్యి ఎత్తి పెట్టాలి. డాక్సోరుబిసిన్ అయితే ఐసు కాపడం, ఒక్కోసారి పావుగంట నుంచి ఇరవై నిమిషాలు, రోజుకు నాలుగుసార్లు. విన్‌క్రిస్టిన్ అయితే వేడి కాపడం. తారుమారు చేస్తే నష్టం పెరుగుతుంది. డాక్సోరుబిసిన్‌కు విరుగుడుగా డెక్స్‌రజాక్సేన్ ఉంది, అయితే ఆరు గంటల్లోపు మొదలుపెట్టాలి. మాటిమాటికీ నరం దొరకనివాళ్లకు మందు పెద్ద నరంలోకే పోయేలా ఛాతీలో పోర్ట్ గానీ, చేతిలో పిక్ లైన్ అనే పొడవాటి గొట్టం గానీ పెట్టించమని అడగడం దుబారా కాదు.

డాక్సోరుబిసిన్ ఎర్రటి మందు. ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది, అది రక్తం కాదు. గుండె మీద దాని ప్రభావం మాత్రం జీవితకాలం కూడుతూ పోతుంది. శరీర ఉపరితలం చదరపు మీటరుకు మొత్తం 450 నుంచి 550 మిల్లీగ్రాములు దాటనివ్వరు. ఎప్పుడో పదేళ్ల కిందట వేరే ఊళ్లో వేయించుకున్న డోసు కూడా ఈ లెక్కలోకే వస్తుంది కాబట్టి పాత ఫైళ్లు చెత్తబుట్టలో వేయకూడదు.

ఉక్కపోతలో సిస్‌ప్లాటిన్, వేసవిలో ఆక్సాలిప్లాటిన్

సిస్‌ప్లాటిన్ కిడ్నీలను దెబ్బతీస్తుంది. మందుకు ముందూ వెనకా సెలైన్ ఎక్కించేది అందుకే. వాంతులు ఆ రోజు కంటే రెండో రోజు నుంచి ఐదో రోజు వరకు గట్టిగా ఉంటాయి. విశాఖ ఉక్కపోతలో చెమటకు పోయే నీరు పోగా, వాంతులకూ పోతే, కిడ్నీకి మిగిలేది తక్కువ. తర్వాతి సైకిల్‌కు వచ్చేసరికి కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగి, మందు వాయిదా పడుతుంది. గుండె, కిడ్నీ జబ్బు లేనివాళ్లు ఆ రోజుల్లో రోజూ రెండున్నర, మూడు లీటర్ల నీళ్లు, మజ్జిగ, పలచటి చోడి (రాగి) అంబలి ఏదో ఒక రూపంలో తాగాలి. చెవుల్లో హోరు మొదలైతే దాచకుండా చెప్పాలి, వినికిడి పోతే తిరిగి రాదు.

వాంతుల మాత్రల దగ్గర జరిగే ఒక గొడవ. ఆప్రెపిటాంట్ మొదటి రోజు 125, తర్వాత రెండు రోజులు 80 మిల్లీగ్రాములు. దాంతోపాటు డెక్సామెథసోన్, ఒండాన్‌సెట్రాన్, రాత్రి పడుకోబోయే ముందు ఓలాంజపైన్. ఈ చివరిది మానసిక జబ్బులకు వాడే మందని మెడికల్ షాపులోనో, ఫోన్‌లోనో తెలుసుకుని ‘మాకు మెంటల్ మాత్ర ఎందుకిచ్చారు’ అని పారేస్తారు. ఆలస్యంగా వచ్చే వికారాన్ని బాగా అదుపు చేసేది అదే, వాడేది నాలుగు రోజులే. మత్తు ఎక్కువైతే డోసు తగ్గించమని అడగవచ్చు. ఒండాన్‌సెట్రాన్ మలబద్ధకం తెస్తుంది. డెక్సామెథసోన్ షుగరు పెంచుతుంది, షుగరు ఉన్నవాళ్లు ఆ రోజుల్లో గ్లూకోమీటర్ వాడకపోతే తెలియను కూడా తెలియదు.

పెద్దపేగు క్యాన్సర్‌కు ఇచ్చే ఆక్సాలిప్లాటిన్‌ది ఇంకో తరహా. చల్లదనం తగిలితే చాలు, వేళ్లు షాక్ కొట్టినట్టు జివ్వుమంటాయి. ఫ్రిజ్ తలుపు తీసినా, స్టీలు చెంబు పట్టుకున్నా అంతే. ఎండలో తిరిగొచ్చి చల్లటి నీళ్లు గటగట తాగితే గొంతు బిగుసుకుని ఊపిరి అందనట్టు అవుతుంది. నిజంగా గాలి ఆగదు, కానీ ఆ భయం తక్కువది కాదు. మొదటి ఐదు రోజులైనా గోరువెచ్చటి నీళ్లు, ఏసీ గాలి నేరుగా తగలకుండా దుప్పటి. వేరే కీమోలో నోటి పుండ్లు రాకుండా ఐసు ముక్కలు చప్పరించమంటారు. పక్క బెడ్డువాళ్లు చెప్పారని ఆక్సాలిప్లాటిన్ రోగి అదే చేస్తే యాతనే.

కెపెసిటబైన్ మాత్రల గురించి తేలికభావం ఎక్కువ, ఇంట్లో మింగేవి కదా అని. పద్నాలుగు రోజులు మింగి ఏడు రోజులు ఆపాలి, అన్నం తిన్న అరగంటలోపు. అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి పగిలినప్పుడు, నోటి పుండ్లతో అన్నం తినలేనప్పుడు, ‘కోర్సు మధ్యలో ఆపకూడదు’ అనుకుని మింగుతూనే పోయేవాళ్లు ఎక్కువ ప్రమాదంలో పడతారు. యాంటీబయోటిక్‌కు వర్తించే నియమం దీనికి వర్తించదు. ఆపి, ఫోన్ చేయాలి. ఇంకో పొంచి ఉన్న గొయ్యి బలం మాత్రలు. ఫోలిక్ యాసిడ్ కలిసిన బి–కాంప్లెక్స్ కెపెసిటబైన్ విషప్రభావాన్ని పెంచుతుంది. నీరసంగా ఉందని షాపులో అడిగి తెచ్చుకునేది సరిగ్గా అదే.

అడ్డపొగ, కరెంటు, పళ్లు

ఉత్తరాంధ్ర తీరంలో చుట్టను వెలిగించిన వైపు నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ అలవాటు, ముఖ్యంగా ఆడవాళ్లలో, అంగిటి క్యాన్సర్‌కు పేరుమోసింది. అలాంటి నోటికి కరెంటు పెట్టాల్సి వస్తే, అంటే రేడియేషన్ ఇవ్వాల్సి వస్తే, వారానికి ఐదు రోజుల చొప్పున 30 నుంచి 35 సిట్టింగులు. రెండో మూడో వారంలో నోరు పచ్చి పుండవుతుంది. గ్లాసు నీళ్లలో అర చెంచా ఉప్పు, అర చెంచా వంటసోడా కలిపి రోజుకు ఐదారుసార్లు పుక్కిలించడం, ఆవకాయ, చుట్ట, సారా బంద్. మింగలేకపోతే ముక్కు గొట్టం పెట్టించుకోవడానికి వెనకాడకూడదు. చిక్కిపోతే, కరెంటు పెట్టేటప్పుడు తల కదలకుండా మొహానికి చేసిన మాస్కు వదులై, కిరణాలు పడాల్సిన చోటు తప్పుతుంది. ఇక్కడ తిండి కూడా చికిత్సలో భాగమే. పథ్యం పేరుతో గుడ్డు, చేప మాన్పించే పెద్దలకు ఈ సంగతి చెప్పాలి.

పుచ్చిన పళ్లు ముందే పీకించాలి, మొదటి సిట్టింగ్‌కు కనీసం రెండు వారాల ముందు. రేడియేషన్ తగిలిన దవడ ఎముకకు రక్తప్రసరణ తగ్గుతుంది. ఏళ్ల తర్వాత పన్ను పీకినా ఆ గాయం మానక ఎముక కుళ్లిపోవచ్చు. దంత వైద్యుడి కుర్చీలో కూర్చోగానే ముందు చెప్పాల్సిన మాట ‘నాకు కరెంటు పెట్టారు’ అని.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కరెంటు పెట్టేటప్పుడు మూత్రాశయం నిండుగా ఉండమంటారు. నిండిన సంచి పేగులను పైకి నెట్టి కిరణాల దారి నుంచి తప్పిస్తుంది. దూరం నుంచి బస్సులో వచ్చే ఆడవాళ్లు దారిలో మరుగుదొడ్డి ఉండదని పొద్దుటినుంచీ నీళ్లే ముట్టరు. విరేచనాల బాధ అక్కడ మొదలవుతుంది. ఆసుపత్రికి చేరాక మూత్రం పోసి, అర లీటరు నీళ్లు తాగి అరగంట ఆగితే సరిపోతుందని ముందే చెబితే తీరే సమస్య. బయటి యంత్రంతో కరెంటు పెట్టించుకున్న మనిషి ఒంట్లోంచి కిరణాలు రావు, మనవడిని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. థైరాయిడ్‌కు రేడియో అయోడిన్ తాగినవాళ్ల సంగతి వేరు, వాళ్లు చెప్పినన్ని రోజులు దూరం పాటించాలి.

ఒకటే విరేచనాలు, మూడు మందులు

ఊళ్లో ఆర్‌ఎంపీ పెట్టే డైక్లోఫెనాక్ నొప్పి ఇంజెక్షన్ కీమో రోగికి నాలుగు విధాల చెరుపు: జ్వరాన్ని దాస్తుంది, సిస్‌ప్లాటిన్‌కు తోడై కిడ్నీని నలుపుతుంది, ప్లేట్‌లెట్లు తక్కువుంటే పిర్ర లోపల రక్తం కారి గడ్డలా చేరుతుంది, సూది పోటు దగ్గర ఇన్ఫెక్షన్. ఆకు పసర్లది ఇంకో రకం చిక్కు. లివర్ పరీక్షలు చెడితే అది కీమో వల్లో, పసరు వల్లో, అణిగి ఉన్న హెపటైటిస్ బి తిరగబెట్టడం వల్లో తేల్చలేక మంచి మందు ఆపేయాల్సి వస్తుంది. హెపటైటిస్ బి పరీక్ష మొదటి కీమోకు ముందే చేయించాలి, రిటుక్సిమాబ్ అనే మందు ఇచ్చేముందు మరీనూ.

విరేచనాలనే తీసుకోండి. ఐరినోటెకాన్ అనే కీమో మందు ఎక్కుతుండగానే చెమటలు, కడుపులో మెలితో వస్తే ఎట్రోపిన్. అదే మందుకు నాలుగైదు రోజుల తర్వాత వస్తే లోపెరమైడ్, మొదట 4 మిల్లీగ్రాములు, తర్వాత ప్రతి విరేచనానికీ 2, జ్వరమో, రక్తమో ఉంటే డాక్టరుకు చెప్పకుండా వేసుకోకూడదు. నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ లాంటి ఇమ్యునోథెరపీ మీద ఉన్న మనిషికి వస్తే సంగతి పూర్తిగా వేరు. సొంత రోగనిరోధక శక్తే పేగు మీద తిరగబడి ఉంటుంది, దానికి స్టెరాయిడ్ కావాలి. ఆఖరి డోసు అయిపోయిన కొన్ని నెలలకు కూడా ఇది రావచ్చు, అప్పటికి ఇంట్లోవాళ్లు ఆ మందు సంగతే మరిచిపోయి ఉంటారు.

టెక్కలిలోనో, నర్సీపట్నంలోనో రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరుకు ఎదురుగా ఉన్నది విరేచనాలతో సొమ్మసిల్లిన మనిషి. ఏ మందు వల్లో ఆయనకు తెలిసే దారి ఒకటే. అందుకే లావుపాటి ఫైలు, స్కానింగ్ కవర్లు కాకుండా, పోస్టుకార్డంత కాగితం ఒకటి వేరుగా ఉండాలి: జబ్బు పేరు, మందుల పేర్లు, ఎక్కించిన ఆఖరి తేదీ, ఆఖరి కౌంట్, క్రియాటినిన్, పడని మందులు, కీమో వార్డు ఫోన్ నంబరు, ‘జ్వరం వస్తే గంటలోపు యాంటీబయోటిక్’ అన్న ఒక వాక్యం. ప్రతి సైకిల్‌కూ తేదీ మార్చి కొత్తది రాయించుకుని, వానకు తడవకుండా ప్లాస్టిక్ కవర్లో, ఆధార్ కార్డుతో పాటు పెట్టుకోవాలి.